ఆన్‌లైన్ జూదంలో ఆటగాణ్ని నిజంగా కాపాడే నిబంధనలు ఏవి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఆన్‌లైన్ జూదాన్ని పూర్తిగా నిషేధించడం మేలా, లైసెన్సులిచ్చి అదుపులో పెట్టడం మేలా? లైసెన్సులిస్తే "బాధ్యతగా ఆడండి" అనే హెచ్చరికా, ఆటగాడు తనంతట తాను పెట్టుకునే పరిమితులూ సరిపోవా? ఒకే ఒక్క నిబంధన ఎంచుకోమంటే ఏది?

నేను చాలా ఏళ్లు లైసెన్స్ ఉన్న బెట్టింగ్ కంపెనీల్లో కంప్లయన్స్ పని, అంటే కంపెనీ నిబంధనలు పాటిస్తోందో లేదో చూసే పని, చేశాను. తర్వాత అవతలి వైపు కూర్చుని నిబంధనల ముసాయిదాలు చదివి అభిప్రాయాలు రాశాను. కాబట్టి చట్టం కన్నా ముందు, లోపల కూర్చున్నవాడికి కనిపించేది చెప్తాను.

డబ్బు అందరి దగ్గర్నుంచీ సమానంగా రాదు. అప్పుడప్పుడూ సరదాకి ఓ పందెం కాసేవాళ్లు సంఖ్యలో ఎక్కువే గానీ, వాళ్ల వల్ల వచ్చే ఆదాయం తక్కువ. బ్రిటన్ ఎగువ సభ కమిటీ 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం పరిశ్రమ లాభాల్లో 60 శాతం కేవలం 5 శాతం మంది నుంచి వస్తోంది. ఆ 5 శాతం మంది అప్పటికే జూదంతో ఇబ్బంది పడుతున్నవాళ్లు, లేదా ఆ అంచున ఉన్నవాళ్లు. నేను పనిచేసిన ఒక చోట మార్కెటింగ్ వాళ్ల వీఐపీ జాబితానీ (ఎక్కువ డబ్బు కాసే ఆటగాళ్ల జాబితా), ప్రమాదంలో ఉన్నారని మా టీమ్ గుర్తించినవాళ్ల జాబితానీ పక్కపక్కన పెడితే చాలా పేర్లు రెండింటిలోనూ ఉండేవి. ఒకే మనిషికి ఒక డిపార్ట్‌మెంట్ "కాస్త విరామం తీసుకోండి" అని మెయిల్ పంపేది, ఇంకో డిపార్ట్‌మెంట్ ఉచిత పందెం ఆఫర్ పంపేది. దీనికి ఎవరూ దుర్మార్గులు కానక్కర్లేదు. ఎవరి టార్గెట్ వాళ్లది, అంతే. బ్రిటన్‌లో 2020 అక్టోబరు చివర్లో వీఐపీ పథకాల మీద కఠిన నిబంధనలు రావడానికి కారణం ఇలాంటి సంగతులే. కంపెనీలు తమను తామే నియంత్రించుకుంటాయని వదిలేయడం పిల్లిని పాలకు కాపలా పెట్టడమే.

ఇంకో విషయం కూడా ముందే చెప్పుకోవాలి. జూద వ్యసనాన్ని వైద్యరంగం మనోబలం లేకపోవడంగా చూడటం మానేసి చాలాకాలమైంది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లోనే దాన్ని మద్యం, మత్తుమందుల వ్యసనాల సరసన చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో కూడా అది ఉంది. వైద్య పత్రిక లాన్సెట్ పబ్లిక్ హెల్త్ నియమించిన కమిషన్ 2024 నివేదిక అంచనా ప్రకారం ప్రపంచంలో దాదాపు 8 కోట్ల మంది పెద్దవాళ్లు జూద వ్యసనంతోనో, సమస్యగా మారిన జూదంతోనో బాధపడుతున్నారు. వాళ్లందరికీ "బాధ్యతగా ఆడండి" అనే మాట తెలుసు. ప్రతి యాప్‌లోనూ ఆ మాట ఉంటుంది, డిపాజిట్ బటన్‌కు ఓ జానెడు కింద, చిన్న అక్షరాల్లో.

హాని ఎక్కువ తక్కువలు ఆటగాడి స్వభావం కన్నా ఆట తయారీ మీద ఎక్కువ ఆధారపడతాయని నా అభిప్రాయం. ఒక లెక్క చూడండి. స్లాట్ గేమ్‌లో, అంటే బటన్ నొక్కితే బొమ్మల చక్రాలు తిరిగే ఆటలో (ఒక్కో తిప్పుడే ఒక స్పిన్), "96 శాతం తిరిగి వస్తుంది" అని రాసి ఉంటే, 1,000 వేస్తే 960 మిగులుతుందని చాలామంది అనుకుంటారు. ఆ 96 శాతం ప్రతి పందానికీ వర్తించే సగటు, వేసిన డిపాజిట్‌కు కాదు. వచ్చిన డబ్బునే మళ్లీ మళ్లీ పందెం వేస్తూ మొత్తాన్ని 17 సార్లు తిప్పితే సగటున సగం మాత్రమే మిగులుతుంది. ఇప్పుడు దీనికి వేగం కలపండి. రెండున్నర సెకన్లకో స్పిన్ అంటే గంటకు 1,440 స్పిన్లు. స్పిన్‌కు 10 చొప్పున గంటలో 14,400 పందెం కాసినట్టు. అందులో 4 శాతం, అంటే 576, సగటున గంటకు పోయే డబ్బు. ఏ కరెన్సీ అయినా సరే లెక్క ఇదే. అదే ఆటలో స్పిన్‌కు 1 మించకూడదు, స్పిన్‌కీ స్పిన్‌కీ మధ్య కనీసం 5 సెకన్లు ఉండాలి అంటే గంటకు పోయేది సుమారు 29. ఆటగాడు మారలేదు, గెలుపు శాతమూ మారలేదు. కేవలం రెండు అంకెలు మారాయి.

రెండోది నేను ఊహించి చెప్పింది కాదు. జర్మనీ 2021 జులైలో తెచ్చిన నియమం సరిగ్గా అదే: స్పిన్‌కు గరిష్ఠంగా 1 యూరో, కనీసం 5 సెకన్లు. బ్రిటన్ 2021 అక్టోబరు చివరి నుంచి ఆన్‌లైన్ స్లాట్లకు రెండున్నర సెకన్ల కనీస సమయం పెట్టింది, నొక్కకుండానే స్పిన్లు వాటంతటవే సాగే ఆటోప్లే తీసేసింది. ఇంకో మంచి పని కూడా చేసింది. 10 పందెం వేసి 4 తిరిగి వస్తే స్క్రీన్ మీద నాణేలు రాలడం, సంగీతం మోగడం ఉండేది. అంటే 6 పోయినా గెలిచినట్టు సంబరం. దాన్ని నిషేధించింది. బయటివాళ్లకు ఇది చిల్లర విషయంలా అనిపిస్తుంది గానీ, గేమ్ డిజైనర్లకు దాని విలువ బాగా తెలుసు.

పందెం మొత్తం మీద పరిమితి విషయంలో మాత్రం బ్రిటన్ చాలా ఆలస్యం చేసింది. బెట్టింగ్ షాపుల్లోని యంత్రాల మీద ఒక్కో పందెం 100 పౌండ్ల నుంచి 2 పౌండ్లకు 2019 ఏప్రిల్‌లోనే తగ్గించారు. ఆన్‌లైన్ స్లాట్లకు 5 పౌండ్ల పరిమితి, 18 నుంచి 24 ఏళ్లవాళ్లకు 2 పౌండ్ల పరిమితి వచ్చింది 2025లో. మధ్యలో ఆరేళ్ల పాటు, రోడ్డు మీద షాపులో 2 పౌండ్లు దాటి వేయలేని మనిషి జేబులోని ఫోన్లో ఎంతైనా వేయగలిగాడు. రాత్రి మూడింటికి కూడా.

క్రీడల బెట్టింగ్‌కు వస్తే ప్రమాదం ఎక్కువగా మ్యాచ్ నడుస్తుండగా కాసే పందాల్లో ఉంటుంది. మ్యాచ్‌కు ముందు విజేత మీద ఒక పందెం కాస్తే ఫలితం కోసం గంటలు ఆగాలి. తర్వాతి బంతికి ఏమవుతుందో, తర్వాతి పాయింట్ ఎవరిదో అనే పందేలు స్లాట్ మెషిన్‌కు దగ్గరగా వచ్చేశాయి. ఆస్ట్రేలియాలో మ్యాచ్ నడుస్తుండగా ఆన్‌లైన్‌లో పందెం కాయడం నిషిద్ధం, ఫోన్ చేసి కాయొచ్చు. చదవగానే నవ్వొస్తుంది గానీ ఆలోచిస్తే అర్థం ఉంది: ఫోన్ చేసి మనిషితో మాట్లాడేలోపు ఆవేశం కొంత తగ్గుతుంది. కంపెనీలు దీన్ని దాటడానికి యాప్‌లోనే ఒక్క నొక్కుతో కాల్ చేసినట్టు చూపే ఏర్పాటు చేసుకున్నాయి. 2017 చట్ట సవరణతో ఆ దారీ మూసేశారు. ఏ నిబంధన రాసినా ఒకటి రెండేళ్లలో దాన్ని దాటే దారి కనిపెడతారు. కాబట్టి ప్రతిసారీ పార్లమెంటుకు వెళ్లకుండా నియమాలు మార్చే అధికారం నియంత్రణ సంస్థకు ఉండాలి.

ఇప్పుడు డబ్బు లోపలికి, బయటికి వెళ్లే దారులు. ఏ యాప్‌నైనా అంచనా వేయడానికి నేను మొదట చూసేది ఇదే. డిపాజిట్‌కు పది సెకన్లు, విత్‌డ్రాకు మూడు రోజులు పడుతుంటే ఆ మూడు రోజులు సాంకేతిక ఆలస్యం కాదు. ఆ డబ్బు 'పెండింగ్'లో ఉన్నంతసేపూ పక్కనే 'రద్దు చేసి ఆడండి' అనే బటన్ ఉండేది. చాలామంది నొక్కేవాళ్లు. బ్రిటన్ ఆ బటన్‌ను 2021లో శాశ్వతంగా తీసేయించింది. గుర్తింపు పత్రాల తనిఖీ కూడా అంతే. డిపాజిట్ చేసేటప్పుడు ఏ పత్రమూ అడగరు, గెలిచి డబ్బు తీసుకోబోతే అన్నీ అడుగుతారు. వయసు, గుర్తింపు తేలాకే ఆట మొదలవ్వాలని 2019 మేలో అక్కడ నియమం వచ్చింది. పిల్లల్ని ఆపడానికి ఇంతకన్నా సులువైన మార్గం లేదు. అప్పు తెచ్చిన డబ్బుతో ఆడకుండా క్రెడిట్ కార్డుల్ని బ్రిటన్ 2020 ఏప్రిల్‌లో, ఆన్‌లైన్ బెట్టింగ్ వరకు ఆస్ట్రేలియా 2024 జూన్‌లో నిషేధించాయి.

బోనస్ షరతుల గురించి ఒక లెక్క చెప్పి ముందుకెళ్తాను. 1,000 బోనస్ ఇచ్చి "40 రెట్లు ఆడాకే తీసుకోవచ్చు" అంటే 40,000 పందెం కాయాలి. 4 శాతం లెక్కన సగటున పోయేది 1,600. అంటే ఆ బోనస్ అందుకోవడానికే ఇంకో 600 జేబులోంచి పోతుంది. అదే షరతు 10 రెట్లకు పరిమితం చేస్తే పోయేది 400. బ్రిటన్ ఆ పది రెట్ల పరిమితినే తెచ్చింది.

ఇక ఆటగాడు తనంతట తాను పెట్టుకునే పరిమితులు. పెట్టుకునేవాళ్లు తక్కువ. పెట్టుకున్నవాళ్లలో చాలామంది ఎప్పుడూ తగలనంత పెద్ద అంకె పెట్టుకుంటారు. తగిలిన రోజున ఇంకో యాప్ తెరుస్తారు. అందుకే ఒక్కో కంపెనీ దగ్గర విడివిడిగా ఉండే పరిమితి మీద నాకు నమ్మకం లేదు. నార్వేలో ప్రభుత్వ సంస్థ నోర్స్క్ టిప్పింగ్ 2016లో తన ఆటలన్నిటికీ కలిపి నెలకు 20,000 క్రోనర్లకు మించి నష్టపోకుండా తప్పనిసరి హద్దు పెట్టింది. జర్మనీలో చాలా కంపెనీలున్నా, అందరి దగ్గరా కలిపి నెలకు 1,000 యూరోల డిపాజిట్ పరిమితి ఉంది. ఆదాయం నిరూపించుకుంటే దాన్ని పెంచుకునే వీలూ ఉంది. ఒకేసారి రెండు కంపెనీల దగ్గర ఆడటం కూడా కుదరదు. అక్కడ ప్రతి సైట్‌లోనూ నొక్కగానే 24 గంటలు తలుపులు మూసేసే బటన్ ఒకటి ఉండాలి.

తనను ఆడనివ్వొద్దని తానే పేరు రాయించుకునే పద్ధతి, అంటే స్వీయ నిషేధం, బాగా పనిచేయాలంటే అది దేశమంతటికీ ఒకే రిజిస్టర్ అయ్యుండాలి. డెన్మార్క్‌లో రోఫుస్, స్వీడన్‌లో స్పెల్‌పౌస్, బ్రిటన్‌లో గామ్‌స్టాప్, ఆస్ట్రేలియాలో 2023 ఆగస్టులో మొదలైన బెట్‌స్టాప్ ఇలాంటివే. గామ్‌స్టాప్ 2018లో మొదలైనా లైసెన్స్ ఉన్న ప్రతి ఆన్‌లైన్ కంపెనీ అందులో చేరడం తప్పనిసరి అయింది 2020 మార్చి చివర్లో. ఆ మధ్యకాలంలో రిజిస్టర్‌లో పేరున్నా, అందులో చేరని కంపెనీల దగ్గర ఆడే వీలుండేది. మీరు ఏ ముసాయిదా చదివినా ఒకటి చూడండి: చేరడం నిమిషంలో అయిపోవాలి, బయటికి రావడం ఆలస్యం కావాలి. చాలా యాప్‌లలో దీనికి తలకిందులుగా ఉంటుంది. ఒప్పుకోవాల్సిన లోపం కూడా ఉంది. "గామ్‌స్టాప్‌లో లేని సైట్లు" అని పేరు పెట్టుకుని మరీ అక్రమ సైట్లు ప్రచారం చేసుకుంటాయి. ఆపుకోలేక పేరు రాయించుకున్న మనుషుల్నే వెతికి పట్టుకునే వ్యాపారం అది. ఇంత నీచం ఈ రంగంలో ఇంకోటి నేను చూడలేదు.

ఇక్కడే మీ మొదటి ప్రశ్న వస్తుంది, నిషేధమా, నియంత్రణా అని. భారతదేశం 2025 ఆగస్టులో చేసిన చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని మొత్తంగా నిషేధించింది. ఆ ఆటలు నడపడం, వాటికి ప్రకటనలు చేయడం, చెల్లింపులు జరపడం నేరాలు. ఆడినవాడికి మాత్రం శిక్ష లేదు. ఆ చివరి అంశం నాకు చాలా సరైనదిగా అనిపిస్తుంది. ఆడినవాడే నేరస్థుడైతే ఫిర్యాదు చేయడు, చికిత్సకూ రాడు. ఇంకో మేలు, "ఇది నైపుణ్యమా, అదృష్టమా" అనే పాత వాదాన్ని ఆ చట్టం పక్కన పెట్టేసింది. వినియోగదారుడి హాని కోణంలో ఆ తేడాకు పెద్దగా అర్థం లేదు. రమ్మీలో నైపుణ్యం ఉంటే, నైపుణ్యం తక్కువున్నవాడు ఇంకా త్వరగా పోగొట్టుకుంటాడు.

నిషేధం వల్ల సరదాగా మొదలుపెట్టబోయేవాళ్లు చాలామంది అసలు మొదలుపెట్టరు. అది చిన్న లాభం కాదు. టీవీలో ప్రకటన లేదు, యాప్ స్టోర్‌లో యాప్ లేదు, పక్కవాడు ఆడటం లేదు. అయితే అప్పటికే లోపల కూరుకుపోయినవాడు విదేశీ సైట్‌కు వెళ్తాడు. అక్కడ పరిమితి ఉండదు, రిజిస్టర్ ఉండదు, గెలిచిన డబ్బు ఇవ్వకపోతే అడిగే దిక్కుండదు. లైసెన్స్ పద్ధతిలోనూ ఇదే సమస్య, కాకపోతే మోతాదు తక్కువ. అంటే నిషేధించినా, నియంత్రించినా ఆ తర్వాత చేయాల్సిన పని ఒకటే: డబ్బు దారి మూయడం. నార్వే 2010 నుంచే విదేశీ జూదానికి బ్యాంకులు చెల్లింపులు చేయకూడదని నియమం పెట్టింది. అమెరికా 2006 చట్టం కూడా ఆటగాణ్ని వదిలి చెల్లింపుల మీదే పడింది. వెబ్‌సైట్‌ను బ్లాక్ చేస్తే గంటలో ఒక అక్షరం మార్చుకుని కొత్త పేరుతో వస్తుంది. డబ్బు వసూలు చేసే అద్దె ఖాతాలు, అంటే వేరేవాళ్ల పేరు మీదున్న బ్యాంకు ఖాతాలు, దొరకడం అంత తేలిక కాదు, కాబట్టి అక్కడ కొట్టాలి. వెబ్‌సైట్ల జాబితా ప్రకటించి పని అయిపోయిందనుకునే ప్రభుత్వం ఏ పద్ధతి ఎంచుకున్నా పెద్ద తేడా ఉండదు.

నన్ను పక్షం చెప్పమంటే, ఆన్‌లైన్ క్యాసినో, స్లాట్లు ఇంకా చట్టబద్ధం కాని చోట వాటికి లైసెన్స్ ఇవ్వొద్దంటాను. ఒకసారి ఆదాయం అలవాటయ్యాక ఖజానా కూడా ఆ ఆదాయానికి బానిస అవుతుంది. క్రీడల బెట్టింగ్ వరకు లైసెన్స్ ఇవ్వడం సమంజసమే. ఆస్ట్రేలియా 2001 చట్టం దాదాపు ఈ గీతే గీసింది. కాకపోతే వాళ్లు ప్రకటనల్ని వదిలేశారు, ఆ తప్పు ఇప్పటికీ దిద్దుకోలేకపోతున్నారు.

"నియమాలు బిగిస్తే జనం నల్లబజారుకు పోతారు" అనే మాట మీరు ఎక్కడికెళ్లినా వింటారు. అందులో నిజం ఉంది. కానీ నేను కంపెనీల వైపు కూర్చున్నప్పుడు ప్రతి ప్రతిపాదనకూ, చిన్నదైనా పెద్దదైనా, ఇదే జవాబు సిద్ధంగా ఉండేది. ఎంతమంది పోతారు, ఏ రకం ఆటగాళ్లు పోతారు అని అంకెలు అడగండి. డేటా కంపెనీల దగ్గరే ఉంటుంది. ఇవ్వకపోతే ఆ వాదనకు అంతే విలువ కట్టండి. పరిశోధకులకు పేర్లు తీసేసిన ఖాతాల డేటా ఇవ్వడాన్ని లైసెన్స్ షరతుగా పెడితే ఈ గోల సగం తగ్గుతుంది.

ప్రకటనల గురించి క్లుప్తంగా: సగం నిషేధం పనిచేయదు. ఇటలీ 2018లో ప్రకటనల్ని, స్పాన్సర్‌షిప్‌ని నిషేధించాక అదే బ్రాండ్ పేరుకు దగ్గరగా ఉండే 'క్రీడా వార్తల' సైట్లు స్పాన్సర్లుగా తిరిగొచ్చాయి. ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ క్లబ్బులు 2025-26 సీజన్ తర్వాత జెర్సీ ముందు భాగంలో జూదం స్పాన్సర్లు ఉండరని తామే ఒప్పుకున్నాయి. చేతుల మీద ఉండొచ్చట. అసలు పేరైనా, దాని నీడైనా ఒకటేనని చట్టంలోనే రాసుకోవాలి.

చికిత్స, పరిశోధన ఖర్చు కంపెనీల దయ మీద వదిలేయకూడదు. బ్రిటన్‌లో ఏళ్ల తరబడి స్వచ్ఛంద విరాళాల పద్ధతి నడిచింది. కొన్ని కంపెనీలు నామమాత్రంగా ఇచ్చి చేతులు దులుపుకున్నాయి. 2025 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరిగా కట్టాల్సిన రుసుము (లెవీ) అయింది. ఆన్‌లైన్ కంపెనీలు తమ స్థూల ఆదాయంలో 1.1 శాతం కట్టాలి. డబ్బు ఎవరికి చేరాలో కంపెనీలు నిర్ణయించే వీలు పోవడం ఆ శాతం కన్నా ముఖ్యమైన మార్పు.

చివరిగా ఒకే ఒక్క నిబంధన. నేనైతే అన్ని కంపెనీలకూ కలిపి ఉండే, తప్పనిసరి నెలవారీ నికర నష్ట పరిమితిని, అంటే గెలిచింది పోను నెలలో పోగొట్టుకునే మొత్తం మీద హద్దును, ఎంచుకుంటాను. డిపాజిట్ పరిమితి వద్దని ఎందుకంటున్నానంటే, డిపాజిట్ మీద హద్దు ఉంటే గెలిచిన డబ్బు బయటికి తీయడానికి మనిషి వెనకాడతాడు. తీస్తే మళ్లీ వేయడానికి ఈ నెల కోటా ఉండదని ఖాతాలోనే ఉంచుతాడు. ఖాతాలో ఉన్నది పోతుంది. నికర నష్టం లెక్కిస్తే బయటికి తీసినందుకు శిక్ష ఉండదు. పరిమితి మామూలుగా తక్కువ స్థాయిలో మొదలవ్వాలి, 25 ఏళ్ల లోపువాళ్లకు ఇంకా తక్కువ. తగ్గించుకుంటే వెంటనే అమల్లోకి రావాలి. పెంచుకోవాలంటే ఆదాయ రుజువూ, కొన్ని రోజుల ఎదురుచూపూ ఉండాలి. డబ్బు పోయిన రాత్రే పెంచుకునే వీలుంటే అది పరిమితి కాదు.

గోప్యత మాటేమిటని తప్పకుండా అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. దీనికి ఎవరు ఏ ఆట మీద ఎంత కాశారో ఒకచోట పోగేయాల్సిన పని లేదు. కేంద్ర సర్వర్‌లో మనిషికో సంకేత సంఖ్య, ఈ నెల నష్టం మొత్తం, హద్దు ఎంత అనే మూడు వివరాలు చాలు. కంపెనీ అడిగినప్పుడు "ఆడొచ్చు", "ఆడకూడదు" అనే జవాబు మాత్రమే వెళ్లాలి. అంకె వెళ్తే అది మార్కెటింగ్ వాళ్ల చేతికి చేరుతుంది. ఆ సర్వర్ పన్నుల శాఖ కింద కాకుండా నియంత్రణ సంస్థ కింద ఉండాలి.

మీ దగ్గర ఇలాంటి నిబంధనల ముసాయిదా ఉంటే, అందులో "ప్రతి ఆపరేటర్ (అంటే ఆట నడిపే కంపెనీ) తన వద్ద" అనే మాట ఎక్కడెక్కడ ఉందో ముందు గుర్తు పెట్టుకోండి. పరిమితుల అధ్యాయంలో, స్వీయ నిషేధం అధ్యాయంలో ఆ మాటను "లైసెన్స్ పొందిన ఆపరేటర్లందరి వద్ద కలిపి" అని మార్పించగలిగితే మిగతా సవరణల కోసం తర్వాత పోట్లాడొచ్చు.